ఒకే ప్రెషర్ ట్రాన్స్‌మిటర్‌ను రెండు పీఎల్‌సీలకు కలపడం ఎలా

మిర్యాలగూడలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లు అనుకుందాం. ఊక బాయిలర్ మీద స్టీమ్ ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ (ఆవిరి ఒత్తిడిని కొలిచి కరెంటు రూపంలో పంపే పరికరం) ఒక్కటే ఉంది: చదరపు సెంటీమీటరుకు 0–16 కేజీల రేంజి, 4–20 మిల్లీఆంపులు, టూ వైర్ (సప్లై, సిగ్నల్ రెండూ అవే రెండు వైర్ల మీద). దాని రీడింగు బాయిలర్ పీఎల్‌సీకీ (ప్రోగ్రాం ప్రకారం యంత్రాన్ని నడిపే కంట్రోలర్) కావాలి, డ్రైయర్ పీఎల్‌సీకీ కావాలి. ఈ రేంజిలో లెక్క సులువు. ఎన్ని కేజీలో దానికి నాలుగు కలిపితే అన్ని మిల్లీఆంపులు. 10 కేజీలకు 14.

ముందు చేయకూడని పని. రెండు పీఎల్‌సీల్లో సిగ్నల్ కొలిచే ఇన్‌పుట్ కార్డులనూ ప్యారలల్‌గా కలపొద్దు. కరెంటు చీలిపోతుంది. రెండూ 250 ఓమ్‌ల ఇన్‌పుట్‌లైతే 14 కాస్తా 7, 7 అవుతుంది. బాయిలర్‌లో 10 కేజీలు ఉంటే రెండు స్క్రీన్ల మీదా 3 కనిపిస్తుంది, పీఎల్‌సీ ఇంకా ఊక వేయిస్తూనే ఉంటుంది. రెండూ ఒకే అంకె చూపిస్తాయి కాబట్టి తప్పు పట్టుకోవడం కష్టం.

సిరీస్‌లో కలపాలి. 24 వోల్టుల సప్లై ప్లస్ నుంచి ట్రాన్స్‌మిటర్ ప్లస్‌కు, ట్రాన్స్‌మిటర్ మైనస్ నుంచి మొదటి కార్డు ప్లస్‌కు, దాని మైనస్ నుంచి రెండో కార్డు ప్లస్‌కు, అక్కడి మైనస్ నుంచి తిరిగి అదే సప్లై 0 వోల్టుకు. ఈ వలయమే లూప్; అందులో సప్లై ఒక్కటే ఉండాలి. టూ వైర్ సెట్టింగ్‌లో తానే 24 వోల్టులు ఇచ్చే కార్డులు ఉంటాయి. ఈ లూప్‌లో రెండు కార్డులూ కరెంటు కొలిచే పనే చేయాలి. కేబుల్ షీల్డ్‌ను ప్యానెల్ వైపు ఒక్కచోటే ఎర్త్ చేయండి.

వైరు పట్టుకునే ముందు వోల్టుల లెక్క చూసుకోండి. ట్రాన్స్‌మిటర్ పని చేయడానికి కనీసం 12 వోల్టులు కావాలనుకుంటే మిగిలేవి 12. ఫాల్ట్ వస్తే కరెంటు 22 మిల్లీఆంపుల దాకా వెళ్లొచ్చు కాబట్టి 20తో కాకుండా 22తో భాగించాలి: 545 ఓమ్‌లు. రెండు కార్డులు 500, 300 మీటర్ల 1.5 స్క్వేర్ కేబుల్ రానూపోనూ 7. మొత్తం 507, సరిపోయింది. కానీ సప్లై 23 వోల్టులకు పడితే పరిమితి 500కే దిగుతుంది. రోజువారీ రీడింగు బాగానే ఉంటుంది, ఫాల్ట్ రోజున మాత్రం అలారం కరెంటు పూర్తిగా రాదు. లూప్‌లో ఇంకో 250 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టే చోటు అసలు లేదు.

ఎక్కువమంది చిక్కుకునేది ఎర్త్ దగ్గర. కార్డు మైనస్ లోపల ప్యానెల్ 0 వోల్టుకు కలిసి ఉంటే అది ఐసోలేటెడ్ కాదు. పవర్ ఆపి, ఆ ఛానల్ వైర్లు తీసి, మైనస్‌కూ ప్యానెల్ 0 వోల్టుకూ మధ్య ఓమ్స్ చూడండి. దాదాపు సున్నా వస్తే అదే. అలాంటి కార్డును పైన, అంటే లూప్‌లో ట్రాన్స్‌మిటర్ తర్వాత మొదట, పెడితే కరెంటు దాని మైనస్ నుంచే 0 వోల్టుకు వెళ్లిపోతుంది, కింది కార్డుకు చేరదు. అందుకే ఐసోలేటెడ్ కార్డు పైన, 0 వోల్టుకు కలిసినది కింద.

రెండూ ఐసోలేటెడ్ కాకపోతే సిరీస్ మానేయండి. పైగా బాయిలర్ షెడ్డుకూ డ్రైయర్‌కూ వేర్వేరు ఎర్త్ పిట్‌లుంటే ఇంకో చిక్కు. నల్లగొండ, పాలమూరు రాతి ఎర్రనేలల్లో మే నెలకల్లా పిట్ ఎండిపోయి, రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజి తేడా పెరగొచ్చు. ఎండాకాలం ఊగిన రీడింగు మొదటి వానకే కుదురుకుందంటే ముందు ఎర్త్‌ను అనుమానించాలి.

సిరీస్‌కు ఇంకో బలహీనత: ఒక కార్డు ఊడదీస్తే రెండోది కూడా పోతుంది. పై కార్డు టెర్మినళ్ల మీద జీనర్ డయోడ్ (తన వోల్టేజికి చేరితే రివర్స్‌లో కూడా కరెంటును పోనిచ్చే డయోడ్) పెడితే లూప్ తెగదు. గీత ఉన్న వైపు ప్లస్‌కు. 8.2 వోల్టులది వేస్తే, కార్డు తీసినప్పుడు కింది కార్డుకు మిగిలేది 3.8 వోల్టులే. కరెంటు 14.8 దగ్గర ఆగిపోతుంది, ప్రెషర్ ఎంత పెరిగినా స్క్రీన్ 10.8 కేజీలు దాటదు. 6.8 వోల్టుల 1ఎన్4736ఏ అయితే దాదాపు 20 దాకా వెళ్తుంది. దానికి 5 వోల్టుల దగ్గర కొంచెం లీకేజీ ఉండొచ్చు కాబట్టి, 20 మిల్లీఆంపులు పంపి పై కార్డు రీడింగు తగ్గుతోందేమో చూడండి.

ఆ రీడింగుతో ట్రిప్ (ప్రమాదం వస్తే ఆపేయడం) గానీ ఇంటర్‌లాక్ (షరతు కుదరకపోతే నడవనివ్వకపోవడం) గానీ నడుస్తుంటే ఇంత తంటా వద్దు. ఒక ఇన్‌పుట్, రెండు ఐసోలేటెడ్ ఔట్‌పుట్‌లున్న సిగ్నల్ స్ప్లిటర్ కొనండి. ఎర్త్ గొడవ పోతుంది, ఒక కార్డు తీసినా రెండోది నడుస్తుంది. స్ప్లిటర్ సప్లై పోతే మాత్రం రెండూ పోతాయి కాబట్టి, 3.6 మిల్లీఆంపుల కన్నా తక్కువ వస్తే ఫాల్ట్‌గా తీసుకునేలా రెండు ప్రోగ్రాముల్లోనూ రాయించండి. హై ప్రెషర్ ట్రిప్‌కు విడిగా ప్రెషర్ స్విచ్ ఉండాల్సిందే.

చివరగా, ట్రాన్స్‌మిటర్ స్థానంలో లూప్ క్యాలిబ్రేటర్ (కావలసినన్ని మిల్లీఆంపులు పంపే పరీక్ష పరికరం) పెట్టి 4, 8, 12, 16, 20 పంపండి. రెండు స్క్రీన్ల మీదా 0, 4, 8, 12, 16 కేజీలు రావాలి. అన్నిచోట్లా ఒకే నిష్పత్తిలో తేడా ఉంటే ఒక పీఎల్‌సీలో రేంజి తప్పు ఇచ్చారు. పైన 20 దగ్గర మాత్రమే తగ్గితే వోల్టులు చాలడం లేదు. ఆ పరీక్ష క్యాలిబ్రేటర్‌ను ట్రాన్స్‌మిటర్‌లా నడిచే సిమ్యులేట్ మోడ్‌లో పెట్టి చేయాలి; అది సొంత సప్లైతో కరెంటు తోస్తే ఈ లోపం బయటపడదు. క్యాలిబ్రేటర్‌కు ట్రాన్స్‌మిటర్ అంత వోల్టులు అక్కర్లేకపోవచ్చు కాబట్టి, 20 దగ్గర దాని రెండు చివర్ల మధ్య 12 వోల్టులు ఉన్నాయో లేదో కూడా చూడండి. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడే ఒక్కో కార్డు పవర్ ఆపి, రెండోది ఏం చూపిస్తుందో రాసి ప్యానెల్ తలుపు లోపల అతికించండి.