హాప్స్ పైపుకి అడ్డం పడకుండా

డాలస్‌లో మా గరాజ్‌లో పేల్ ఏల్ అనే రకం బీరు కాయడం మొదలుపెట్టాక బాగా విసిగించింది ఒకటే. చివర్లో వాసన కోసం వేసే హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే ఒక తీగ పూలు) నాని పచ్చటి మడ్డిలా మారి, సీసాల్లో నింపేటప్పుడు పైపుకి అడ్డం పడుతుంది.

ఇప్పుడు పల్చటి మల్లు గుడ్డ సంచినీ రెండు స్టీలు చెంచాల్నీ 10 నిమిషాలు నీళ్లలో మరిగిస్తున్నాను. 19 లీటర్ల బీరుకి 56 గ్రాముల కాస్కేడ్ (పంపరపనస తొక్క వాసన వచ్చే రకం) హాప్స్, బరువు కోసం ఆ చెంచాలు సంచిలో వేసి, మూతి కట్టి, పులవడం పూర్తయ్యాక బకెట్‌లోకి దింపుతాను. 3 రోజులకి తీసేయడమే. మధ్యలో మూత తీసి చూడాలనిపిస్తుంది, వద్దు. గాలి తగిలితే ఆ పంపరపనస తొక్క వాసన పోతుంది.

సంచి మాత్రం పెద్దది తీసుకోండి. సగానికి మించి నింపితే హాప్స్ ఉబ్బి బిగుసుకుపోతాయి, నడిమివి సరిగ్గా తడవక వాసన దిగదు.