అవతలి మలుపులో ఆగిపోయే ఇంజన్: నా అనుభవం

మా ఇంట్లో ఆరడుగుల ప్లైవుడ్ మీద బొమ్మ రైలు నడిచే చిన్న హెచ్‌ఓ లేఅవుట్ (పట్టాల అమరిక) ఉంది. హెచ్‌ఓ అంటే అసలు రైలులో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. వానలు మొదలయ్యాక ఇంజన్ అవతలి మలుపు చేరేసరికి నీరసపడి ఆగిపోయేది. మోటారు పోయిందని టెన్షన్ పడి విప్పాను. దాంట్లో లోపమేమీ లేదు, ఒక బుల్లి స్క్రూ మాత్రం నేలపాలైంది.

వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెడితే, ఇంజన్ లేనప్పుడు ఆ మలుపులోనూ నిండుగా 12 వోల్టులు! ఇంజన్ అక్కడ ఉండగా కొలిస్తే 8. పట్టాలను కలిపే జాయినర్లు వదులై, తుప్పు పట్టి కరెంటును అడ్డుకుంటున్నాయన్నమాట.

ప్లైవుడ్‌కు రంధ్రాలు చేసి, పట్టాలకు కరెంటిచ్చే కంట్రోలర్ నుంచి రెండు వైర్లు తెచ్చి, మలుపులో పట్టాల బయటి వైపున సోల్డర్ చేశాను. పట్టాల కింద అడ్డంగా ఉండే ప్లాస్టిక్ స్లీపర్లు కరగకుండా అటూ ఇటూ తడి దూది పెట్టాను. మొదటిసారి వైర్లు తారుమారై షార్టయింది, కంట్రోలర్ ట్రిప్పయి బతికించింది. అందుకే ఇప్పుడు ఎరుపు వైరు ఎప్పుడూ గోడవైపు పట్టాకే. పట్టాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. గరుకు కాగితం వాడితే గీతల్లో మళ్లీ మురికి చేరుతుంది.

ఇంజన్ ఇప్పుడు ఆగడం లేదు. స్క్రూ ఇంకా దొరకలేదు.