కాఫీ పొడి దుకాణంలో ముందే చెప్పవలసిన సంగతులు

బెంగళూరులో మల్లేశ్వరం, జయనగర్ వంటి పాత పేటలలో కాఫీ గింజలను కళ్ల ముందే మరపట్టి ఇచ్చే దుకాణాలు ఇంకా ఉన్నాయి కనుక, ఇంట్లో ఫిల్టర్ కాఫీ కలుపుకునేవారు అక్కడికి వెళ్లి "అర కిలో ఇవ్వండి" అని ఊరుకోకుండా, చికోరీ (కాఫీలో కలిపే, వేయించిన ఒక మొక్క వేరు పొడి) ఎంత శాతం కలపాలో, పొడి ఎంత మెత్తగా ఉండాలో ముందే చెప్పడం మంచిది. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. అంటే దాదాపు సగం చికోరీయే ఉన్నా అది చట్టబద్ధమే.

ఒకసారి నేను ఏమీ చెప్పకుండా తెచ్చుకున్న పొడి మరీ మెత్తనిదై, డికాక్షన్ రాత్రంతా దిగక ఫిల్టరు పై గిన్నెలోనే నిలిచిపోయింది. మరునాడు మిగిలిన పొట్లం తీసుకువెళ్లి చూపగా, కౌంటరు దగ్గరి పెద్దాయన విసుక్కోకుండా, ఇంట్లో వాడేది మామూలు స్టీలు ఫిల్టరా లేక యంత్రమా అని అడిగి, కొత్త పొడిని కాస్త బరకగా పట్టించి ఇచ్చారు. (ఆ ప్రశ్న వేసే దుకాణాన్ని, నాలుగు వీధులు అవతల ఉన్నా, వదులుకోకూడదని నా అభిప్రాయం.)

పొడి చేసిన కాఫీ వాసన త్వరగా పోతుంది కనుక ఇద్దరున్న ఇంటికి వారానికి 200 గ్రాములు మించి కొనకుండా, గింజలు వేయించిన తేదీని అడిగి పొట్లంపై రాయించుకోండి.