చార్జిషీటు కాపీలు అందినప్పుడు ఏం చూసుకోవాలి? లాయరుతో చెప్పిన మాట రహస్యంగా ఎలా ఉంచుకోవాలి?

క్రిమినల్ కేసులో ముద్దాయికి తన మీద పోలీసులు పోగేసిన కాగితాలు చూసే హక్కుంది. లాయరుతో తను చెప్పుకున్న మాట బయటపెట్టకుండా ఉండే హక్కూ ఉంది. చాలామంది ఈ రెండూ మొదట్లోనే పాడుచేసుకుంటారు. కోర్టులో ఇచ్చిన కట్ట విప్పకుండానే సంతకం పెట్టేస్తారు, లాయరుకు మాత్రమే చెప్పాల్సింది అందరికీ చెప్పేస్తారు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టాల ప్రకారం ఏం చేయాలో చెబుతాను.

మొదట మాట జాగ్రత్త

మీ లాయరుగా తనకు మీరు చెప్పిన విషయాన్ని, మీ స్పష్టమైన అనుమతి లేకుండా అడ్వొకేట్ బయటపెట్టకూడదు. కొత్త సాక్ష్య చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 132 చెప్పేది ఇదే. కేసు ముగిసినా ఈ కట్టుబాటు పోదు, లాయరు గుమాస్తాకూ వర్తిస్తుంది. నేరం చేయడానికి సలహా అడిగితే మాత్రం రక్షణ లేదు.

బావమరిదితోనో స్నేహితుడితోనో చెప్పుకున్నదానికి ఈ రక్షణ వర్తించదు. కాబట్టి బంధువులంతా ఉన్న వాట్సాప్ గ్రూపులో లాయరును చేర్చి కేసు సంగతులు రాయకండి. లాయరుకు విడిగా రాయండి, ఆయన జవాబును ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. ఇంకో సంగతి: మీ దగ్గర ముందునుంచీ ఉన్న బ్యాంకు స్టేట్‌మెంటో అగ్రిమెంటో లాయరు చేతికిచ్చినంత మాత్రాన అది రహస్యమైపోదు. కోర్టు తెమ్మంటే తేవాల్సిందే.

కాపీలు తీసుకునే రోజు

మీరు కోర్టులో హాజరైన 14 రోజుల్లోగా మేజిస్ట్రేటు చార్జిషీటు, ఎఫ్‌ఐఆర్, సాక్షుల వాంగ్మూలాలు, చార్జిషీటుతో పంపిన మిగతా పత్రాలు ఉచితంగా ఇప్పించాలి. ఇది బీఎన్‌ఎస్‌ఎస్ (క్రిమినల్ కేసులు నడిచే పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 230. దీనికి ముందున్న సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) కింద నడుస్తున్న కేసుల్లో సెక్షన్ 207. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినా ఇచ్చినట్టే లెక్క. కాగితాలు మరీ ఎక్కువైతే కోర్టులోనే చూసుకోమని చెప్పవచ్చు. బాధితురాలి ఆంతరంగిక వీడియోల్లాంటివైతే కాపీ ఇవ్వకుండా చూడనిస్తే చాలని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఆ జాగ్రత్త న్యాయమే.

కట్ట విప్పి సరిచూడటం

అసలు పని ఇక్కడే ఉంది. చార్జిషీటు చివర్లో సాక్షుల జాబితా ఉంటుంది: ఎల్‌డబ్ల్యూ 1 (అంటే జాబితాలో ఒకటో సాక్షి), ఎల్‌డబ్ల్యూ 2 అంటూ. పెన్సిలు తీసుకుని ఒక్కో పేరుకు ఎదురుగా ఆ సాక్షి వాంగ్మూలం ఉందో లేదో టిక్కు పెట్టండి. ఎల్‌డబ్ల్యూ 7 పేరు జాబితాలో ఉండి స్టేట్‌మెంటు లేకపోతే, ఆ ఏడో సాక్షి ఏం చెబుతాడో తెలియకుండానే విచారణకు వెళ్లాల్సి వస్తుంది. పత్రాల జాబితానూ అలాగే చూడండి. పంచనామాకు రెండో పేజీ ఉందా? గాయాల సర్టిఫికెట్ మీద డాక్టరు రాత చదవగలిగేలా ఉందా? జిరాక్సులో అంచున తెగిపోయిన వరుసలున్నాయా? కాల్ రికార్డుల సీడీ తెరుచుకుంటోందా? ఎలక్ట్రానిక్ సాక్ష్యమైతే సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేశారా, అందులో హ్యాష్ వాల్యూ (ఫైలు మారలేదని సరిచూసుకునే కోడు) ఉందా?

ఇవన్నీ చూశాకే అందినట్టు సంతకం పెట్టండి. వెంటనే పెట్టమని తొందరపెడితే, సరిచూసుకోవడానికి టైమివ్వమని లాయరు చేత అడిగించండి.

లోటు కనిపిస్తే

ఏ కాగితం లేదో, ఏ పేజీ కనబడటం లేదో పేరుపేరునా రాసి లాయరు చేత కోర్టులో మెమో (రాతపూర్వక విన్నపం) వేయించండి. నోటిమాటగా అడిగి ఊరుకోవద్దు. కేసు రోజువారీ నమోదు ఉండే కోర్టు డాకెట్‌లో అది నమోదు కావాలి.

పోలీసులు పక్కన పెట్టినవి

దర్యాప్తులో దొరికి, ప్రాసిక్యూషన్‌కు పనికిరాదని వదిలేసినవి కూడా ఉంటాయి. సీసీటీవీ ఫుటేజీలో మీరు వేరేచోట కనిపించి ఉండవచ్చు. ఇలా ప్రాసిక్యూషన్ ఆధారపడని వాంగ్మూలాల, పత్రాల జాబితాను ముద్దాయికి ఇవ్వాలని సుప్రీంకోర్టు 2021లో మార్గదర్శకాలిచ్చింది, 2022లో మళ్లీ గట్టిగా చెప్పింది. నా దృష్టిలో చాలా విలువైన హక్కిది, అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ముందు జాబితా కోరండి. అందులో మీకు కావలసిన పత్రం తెప్పించమని బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 94 కింద పిటిషన్ వేయవచ్చు. మామూలుగా మీ తరఫు సాక్ష్యం చూపించుకునే డిఫెన్సు దశలోనే దీనికి అవకాశం. తిరుగులేని ఆధారాన్ని దర్యాప్తు అధికారి దాచిపెడితే మాత్రం, విచారణకు ముందు కోర్టు అభియోగాలు ఖరారు చేసే చార్జీల దశలోనే తెప్పించవచ్చు.

పోలీసులు దర్యాప్తు వివరాలు రోజూ రాసుకునే కేసు డైరీ మాత్రం అడిగినా రాదు. పోలీసు అధికారి సాక్ష్యం చెబుతూ దాన్ని చూసి జ్ఞాపకం చేసుకుంటేనో, ఆయన మాటను ఖండించడానికి కోర్టు దాన్ని వాడితేనో ఆ భాగం మీ లాయరు చూడగలరు.

తేదీ రాసుకోండి

మేజిస్ట్రేటు విచారించే వారంటు కేసుల్లో (రెండేళ్లకు మించి జైలుశిక్ష పడగల నేరాలు) డిశ్చార్జి పిటిషన్‌కు, అంటే విచారణ లేకుండానే వదిలేయమని కోరే పిటిషన్‌కు గడువు, కాపీలు అందిన రోజు నుంచి 60 రోజులు. సెషన్స్ కేసుల్లో కమిటల్ రోజు (మేజిస్ట్రేటు కేసును సెషన్స్ కోర్టుకు పంపిన రోజు) నుంచి 60. కాపీలు ఏ రోజు అందాయో కట్ట మీదే రాసి, ఆ తేదీని లాయరుకు మెసేజ్ పెట్టండి.