రెండు చేతుల్లో బీపీ వేర్వేరుగా వస్తోందా? ఇంట్లోనే సరిగ్గా పోల్చి చూడటం ఎలా?

అనంతపురం, కడప, చిత్తూరు వైపు నుంచి అమ్మానాన్నలు బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లల దగ్గరకు వచ్చి నెలా రెండు నెలలు ఉండి వెళ్లడం మామూలే. మందుల సంచీలో పాత బీపీ చీటీలు కూడా ఉంటాయి. ఊళ్లో 130 ఉన్న బీపీ మారతహళ్లి క్లినిక్‌లో 143 చూపించేసరికి ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ఇక్కడి చలి పడలేదేమో, మాత్ర పనిచేయడం లేదేమో, డోసు పెంచాలేమో అని తలా ఒక మాట అంటారు. ముందు అడగాల్సింది వేరే ఉంది. ఊళ్లో ఏ చేతికి చూశారు? ఇక్కడ ఏ చేతికి చూశారు? ఏ చీటీలోనూ ఆ ముక్క రాసి ఉండదు.

రెండు చేతుల్లో బీపీ అచ్చంగా ఒకేలా ఉండదు. పై అంకెలో ఐదారు పాయింట్లు అటూ ఇటూ ఉండటం చాలామందిలో కనిపించేదే. పది దాటిన తేడా మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం పట్టించుకోవాలి. అది నిజమైన తేడానా, మనం చూసుకున్న తీరులో పొరపాటా అన్నది తేల్చుకోవడం కష్టం కాదు. ఇంట్లో బీపీ మెషిన్ ఉంటే మూడు నాలుగు రోజులు చాలు.

ముందు ఇవి చూసుకోండి

మణికట్టుకు పెట్టుకునే మెషిన్ ఈ పనికి వద్దు. చెయ్యి కాస్త పైకో కిందకో జరిగినా దాని అంకె మారిపోతుంది. మోచేతికి పైన, జబ్బకు చుట్టే పట్టీ ఉన్న మెషిన్ కావాలి. పట్టీ సైజు కూడా ముఖ్యమే. జబ్బ చుట్టుకొలతను టేపుతో కొలిచి, పట్టీ మీద రాసి ఉన్న సెంటీమీటర్లతో సరిపోల్చండి. లావు చేతికి చిన్న పట్టీ బిగిస్తే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. ఇళ్లలో జరిగే పొరపాట్లలో ఇది పెద్దదని నా అభిప్రాయం, ఎందుకంటే మెషిన్‌తో వచ్చిన పట్టీయే అందరికీ సరిపోతుందని అనుకుంటాం.

డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా పెట్టిన చేతికి బీపీ పట్టీ చుట్టకూడదు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంక దగ్గరి గ్రంథులు తీసేసినవారు ఆ వైపు చేతి విషయం డాక్టరును అడిగాకే చూసుకోవాలి. గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు ఉన్నవారికి ఇంటి మెషిన్ అంకెలు ఒక్కోసారి సరిగా రావు, వాళ్లు కూడా డాక్టరు దగ్గరే చూపించుకోవడం మేలు.

కూర్చోవడం

ఫిల్టర్ కాఫీ తాగి అరగంట కాకుండా చూసుకోవద్దు. సిగరెట్టు, వాకింగ్ అయినా అంతే. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఇంటికొచ్చి, మెట్లెక్కి, ఆ ఊపులోనే పట్టీ చుట్టుకుంటే వచ్చే అంకెకు విలువ లేదు. మూత్రం ఆపుకుని కూర్చున్నా బీపీ పెరుగుతుంది, ముందే వెళ్లి రండి.

వీపు ఆనే కుర్చీలో కూర్చోండి. పాదాలు రెండూ నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. ఐదు నిమిషాలు ఫోన్, టీవీ, మాటలు ఏవీ లేకుండా ఉండండి. చెయ్యి బల్ల మీద ఆనించి, పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చూడండి. చెయ్యి గుండె కంటే పది సెంటీమీటర్లు కిందకు ఉంటే బీపీ ఏడెనిమిది పాయింట్లు ఎక్కువగా కనిపిస్తుంది. కుడి చెయ్యి బల్ల మీదా, ఎడమ చెయ్యి ఒళ్లోనూ పెట్టి చూస్తే తేడా అక్కడే పుట్టేస్తుంది. అందుకే రెండు చేతులకూ ఒకే ఎత్తు ఉండాలి. బల్ల ఒక పక్కనే ఉంటే చెయ్యి మార్చేటప్పుడు కుర్చీని కూడా మార్చండి.

డిసెంబరు, జనవరి పొద్దుటి చలికి స్వెటర్ మీదే పట్టీ చుట్టేస్తుంటారు. అలా వద్దు. చొక్కా చెయ్యి బిగుతుగా పైకి మడిచినా తప్పే, చొక్కాలోంచి చెయ్యి పూర్తిగా బయటకు తీసేయండి.

పోల్చడం

పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు మూడు సెంటీమీటర్ల పైన ఉండాలి. పట్టీ మీదున్న గుర్తు చేతి లోపలి వైపు, నాడి కొట్టుకునే చోటికి రావాలి. చెయ్యి మార్చినప్పుడు ఆ గుర్తు పక్కకు పోతుంది, మళ్లీ సరిచేసుకోండి.

మొదటిసారి చూసినప్పుడు బీపీ కాస్త ఎక్కువగా వచ్చి, తర్వాత తగ్గడం చాలామందికి జరుగుతుంది. కుడి చేతికి ఒకసారి, వెంటనే ఎడమ చేతికి ఒకసారి చూసి "కుడి వైపు ఎక్కువ" అని తేల్చేస్తే, అది చేతుల తేడా కాకపోవచ్చు, మొదటిసారికీ రెండోసారికీ మధ్య తేడా కావచ్చు. కాబట్టి కుడి, ఎడమ, మళ్లీ కుడి, మళ్లీ ఎడమ అంటూ ఒక్కో చేతికి మూడుసార్లు చూడండి. ప్రతిసారీ మధ్యలో కనీసం ఒక నిమిషం ఆగండి. మర్నాడు ఎడమ చేతితో మొదలుపెట్టండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కుడి చేతికి పై అంకె 146, 142, 141 వచ్చింది. సగటు 143. ఎడమ చేతికి 132, 130, 128. సగటు 130. తేడా 13. ఇంట్లో చూసుకునే బీపీకి 135/85 హద్దు. ఈ మనిషికి ఎప్పుడూ ఎడమ చేతికే చూస్తూ ఉంటే "బీపీ బాగానే ఉంది" అనుకుంటూ ఏళ్లు గడిచిపోతాయి. నన్ను నిజంగా కలవరపెట్టేది ఇదే.

అంకెలు ఏం చెబుతున్నాయి?

రోజూ తేడా పది లోపే ఉంటే బెంగ అక్కర్లేదు. పది నుంచి పదిహేను మధ్య నిలకడగా ఉంటే ఎక్కువ వచ్చే చేతికే ఇకపై చూసుకుంటూ, ఈసారి వెళ్లినప్పుడు డాక్టరుకు చెప్పండి. పదిహేను దాటితే అందుకోసమే ఒకసారి వెళ్లండి. ఇరవై దాటితే అస్సలు వాయిదా వేయవద్దు.

చాలామంది ఎక్కువ చూపించిన చేతిలోనే ఏదో లోపం ఉందనుకుంటారు. సాధారణంగా జరిగేది దానికి తలకిందులుగా ఉంటుంది. భుజం వైపు వెళ్లే రక్తనాళంలో కొవ్వు పేరుకుని దారి ఇరుకైతే ఆ చేతికి రక్తం తక్కువ ఒత్తిడితో చేరుతుంది, అందుకే అక్కడ అంకె తగ్గుతుంది. ఇది ఎడమ వైపు ఎక్కువగా కనిపిస్తుంది. అసలు బీపీకి దగ్గరగా ఉండేది ఎక్కువ చూపించే చెయ్యే. పొగ తాగేవారిలో, షుగర్, కొలెస్ట్రాల్ ఉన్నవారిలో ఈ ఇరుకు రావడానికి అవకాశం ఎక్కువ. అక్కడ పూడిక ఉందంటే గుండెకూ మెదడుకూ వెళ్లే నాళాలను కూడా చూసుకోవాలని అర్థం. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ల ఆధ్వర్యంలో సుమారు 54,000 మంది వివరాలతో 2021లో వచ్చిన అధ్యయనం కూడా, చేతుల మధ్య తేడా పెరిగేకొద్దీ గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుందనే చెప్పింది. పది పాయింట్లనే హద్దుగా పెట్టుకోవాలని సూచించింది.

వయసులో ఉన్న ఆడపిల్లల్లో పెద్ద తేడా కనిపించి, చెయ్యి త్వరగా అలసిపోవడం, నాడి సరిగా అందకపోవడం, ఆగి ఆగి జ్వరం, బరువు తగ్గడం ఉంటే టకయాసు ఆర్టరైటిస్ అనే రక్తనాళాల వాపు జబ్బు గురించి డాక్టర్లు ఆలోచిస్తారు. ఆసియా దేశాల్లో, మన దేశంలోనూ ఇది ఉంది. "ఈ వయసులో బీపీ ఏంటి" అని కొట్టిపారేయకండి.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు

తేదీ, టైము, కుడి, ఎడమ అని నాలుగు గీతలు గీసి అంకెలన్నీ రాసుకెళ్లండి. బాగా వచ్చినవి ఏరి రాయవద్దు. చెయ్యి ఎత్తి పని చేస్తే లాగడం, ఆ పనిలోనే కళ్లు తిరగడం, ఒక చెయ్యి చల్లగా ఉండటం లాంటివి ఉంటే అవీ చెప్పండి. డాక్టరు రెండు వైపులా నాడి చూసి, అవసరమైతే నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ రాస్తారు. ముందు మామూలు ఫిజీషియన్ చాలు. గుండె డాక్టరుకు చూపించమంటే బన్నేరుఘట్ట రోడ్డులోని ప్రభుత్వ జయదేవ ఆసుపత్రి ఉంది. ఈలోగా మాత్ర మానడం గానీ, డోసు పెంచడం గానీ సొంతంగా చేయకండి.

ఏ చేతికి ఎక్కువో తేలాక రోజూ రెండు చేతులకూ చూసుకోనక్కర్లేదు.

ఇదంతా నెమ్మదిగా, కుదురుగా చూసుకునే రోజుల మాట. ఛాతీలోనో వీపులోనో ఒక్కసారిగా చీల్చినట్టు నొప్పి వచ్చినా, మాట తడబడినా, ఒక చెయ్యో కాలో పడిపోయినా మెషిన్ జోలికి పోవద్దు. 108కి ఫోన్ చేయండి.