సబ్‌స్క్రిప్షన్‌లో వచ్చే సరుకులకి రేటు ఎలా పడుతుందో ఇలా చూసుకోండి

నెలనెలా వచ్చే సరుకులకి సబ్‌స్క్రిప్షన్ పెట్టేటప్పుడు చాలామంది ఏమనుకుంటారంటే, ఈరోజు స్క్రీన్ మీద ఉన్న రేటే ఇక ప్రతిసారీ పడుతుందని. కాదండీ, మామూలుగా ఫిక్స్ అయ్యేది డిస్కౌంట్ శాతం, రేటు కాదు. అమెజాన్ సబ్‌స్క్రైబ్ అండ్ సేవ్‌లో కూడా అంతే, ఆర్డర్ ప్రాసెస్ అయిన రోజు వస్తువు ఎంతుంటే దాని మీదే తగ్గింపు లెక్కేస్తారు.

డిటర్జెంట్ ప్యాకెట్ 100 అనుకోండి, 10 శాతం తగ్గింపు పోతే 90. రెండు నెలలకి దాని రేటు 120 అయింది, అదే 10 శాతం పోతే 108, అంటే మొదట్లో సబ్‌స్క్రిప్షన్ లేకుండా కొనుంటే పడే దానికంటే ఎక్కువే కడుతున్నారు, కానీ బిల్లులో మాత్రం 12 ఆదా అయిందని ఉంటుంది కాబట్టి అనుమానమే రాదు. నాకు మూడు డెలివరీలు అయిపోయాక పాత బిల్లు పక్కన పెట్టుకుని చూస్తే గానీ తెలీలేదు, చాలా బాధేసింది.

అందుకే మొదటి రోజే రేటు, బరువు రెండూ ఫోన్‌లో రాసి పెట్టుకోండి. బరువెందుకంటే కిలో ప్యాకెట్ 900 గ్రాములై అదే 90కి వస్తే కిలో 100 పడ్డట్టే. ఎప్పుడూ కిలోకి ఎంత, లీటర్‌కి ఎంత అనే చూడాలి.

కూపన్ ఉంటే అది మొదటి డెలివరీకేనా, అన్నిటికీనా అన్నది చదవండి, ఎక్కువగా మొదటిదానికే ఉంటుంది. కొన్నిచోట్ల ఇన్ని వస్తువులు కలిపి తెప్పిస్తేనే పెద్ద డిస్కౌంట్ ఇస్తారు, అలాంటప్పుడు ఒక్కటి స్కిప్ చేసినా మిగతా వాటి రేటు కూడా పెరగొచ్చు, కాబట్టి స్కిప్ కొట్టాక టోటల్ మళ్ళీ చూడండి.

మెంబర్‌షిప్ ఫీజు వేరే కడుతుంటే, ఒక్కో డెలివరీకి నిజంగా మిగిలేదెంతో దాంతో ఫీజుని భాగించండి. ఫీజు 300, డెలివరీకి 25 మిగులుతుంటే 12 డెలివరీల తర్వాతే లాభం మొదలు. నెలకొకసారే తెప్పించుకునేవాళ్ళకి ఏడాది ఫీజైతే అక్కడికి అక్కడే సరిపోయింది.

ఆర్డర్ లాక్ అయ్యే ముందు, అంటే ఇక మార్చుకోలేని గడువు (కటాఫ్) దాటే ముందు, మామూలుగా రిమైండర్ మెయిల్ వస్తుంది, కొత్త రేటు అందులోనే ఉంటుంది, అది ప్రమోషన్స్ ఫోల్డర్‌లో పడిపోతుంటే మాత్రం కటాఫ్‌కి రెండు రోజుల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి, ఆ రోజు యాప్ తెరిచి రేటు నచ్చకపోతే ఆ నెలకి స్కిప్ కొట్టేయండి.