నవల మీదే బతకదలచినవారికి కొన్ని లెక్కలు, కొందరు గురువులు

ఉద్యోగం మానేసి నవలలు రాసుకుంటూ బతకాలనుకునేవారు రాజీనామా పత్రం కంటే ముందు ఇంటి పద్దు రాసుకోవాలి. అద్దె, వెచ్చాలు, పిల్లల ఫీజులు, మందులు కలిపి నెలకు ఎంతవుతుందో తేల్చుకుని, కనీసం 18 నెలల ఖర్చు బ్యాంకులో జమపడేదాకా ఉన్న కొలువును వదలకూడదని నా అభిప్రాయం. ఏడాది ఎందుకు చాలదంటే, రాయడానికి తొమ్మిది నెలలు, ప్రూఫులు దిద్ది అచ్చు వేయించడానికి మూడు నెలలు పోయాక, అమ్ముడైన ప్రతుల డబ్బు విక్రేతల నుంచి చేతికందడానికి మరో ఆరు నెలలు పట్టడం మామూలే.

సొంతంగా అచ్చు వేయించుకునేవారు ఒక్కో ప్రతికీ లెక్క కట్టి చూసుకోవాలి. పుస్తకం ధర 200 రూపాయలు, విక్రేత కమిషన్ 40 శాతం, డీటీపీ (కంప్యూటర్‌లో పేజీల కూర్పు), ముఖచిత్రం, అచ్చు కలిపి ప్రతికి 75 రూపాయలు అనుకుంటే, మనకు మిగిలేది 45 రూపాయలు. ఆశకొద్దీ 1000 ప్రతులు వేయించి 500 మాత్రమే అమ్మగలిగితే, ఖర్చు 75,000, రాబడి 60,000, నష్టం 15,000 రూపాయలు. నా మొదటి నవల మిగులు ప్రతులు రెండు వానాకాలాలు మంచం కిందే గడిపాయి; ఒకనాడు అట్టపెట్టె లాగి చూస్తే అడుగు వరుస మొత్తం చెదపురుగులు చదివేసి ఉన్నాయి. అప్పటినుంచి తొలి ముద్రణ 300 దాటనివ్వడం లేదు. అన్నట్టు, పుస్తకాన్ని గుర్తించడానికి వెనక అట్ట మీద వేసే ఐఎస్‌బీఎన్ సంఖ్యను కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉచితంగానే ఇస్తుంది కనుక దానికోసం ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు.

ప్రచురణకర్తకు ఇచ్చేటప్పుడు మాత్రం ఒప్పందాన్ని రెండుసార్లు చదవాలి. ఒకరు పంపిన ఒంటిపేజీ కాగితంలో ‘సర్వహక్కులు’ అన్న మాట కనిపిస్తున్నా మొహమాటపడి సంతకం పెట్టిన నేను, తర్వాత ఆడియో పుస్తకానికి అవకాశం వస్తే అనుమతి కోసం ఏడు నెలలు తిరగవలసి వచ్చింది. 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. గడువు రాయకపోతే అది ఐదేళ్లకే పరిమితం, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. వేరే షరతు లేనట్లయితే, తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే ఆ బదిలీ చెల్లదు. అందువల్ల అచ్చు, ఆడియో, అనువాదం, సినిమా హక్కులను విడివిడిగా రాయించుకుని, అడిగిన హక్కును మాత్రమే ఇవ్వాలి. రచయిత మరణించిన తర్వాత కూడా 60 ఏళ్లు నిలిచే ఆస్తి ఇది; పొలం అమ్మేటప్పుడు హద్దులు చూసుకునేవాళ్లం, దీనికీ చూసుకోవాలి.

ఇక స్ఫూర్తినిచ్చే రచయితల సంగతి. అభిమాన రచయితల వాక్యాలను ఎంత శ్రద్ధగా చదువుతామో, వారు రాసుకునే వేళను ఎలా సంపాదించుకున్నారో కూడా అంత శ్రద్ధగా గమనించాలి. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ‘చందమామ’లో పనిచేస్తూనే అంత విస్తారంగా రాశారు. ఆర్.కె. నారాయణ్ మైసూరులో నవలల మీదే బతకాలని నిశ్చయించుకున్నా, ‘ది హిందూ’ పత్రికకు వ్యాసాలు రాశారు, సొంత ప్రచురణసంస్థ కూడా పెట్టుకున్నారు. వీరిని చూశాకే నేను ఉదయం నాలుగు గంటలు నవలకు, మధ్యాహ్నం ప్రూఫులు దిద్దడం, అనువాదం వంటి కూలిపనికి అని రోజును పంచుకున్నాను. ఉదయపు వేళలో ఫోను పక్కగదిలో ఉంటుంది.

రాచకొండ విశ్వనాథశాస్త్రి నేర్పేది వేరు. ఆయన విశాఖపట్నంలో న్యాయవాది. ముద్దాయిలు, సాక్షులు, పోలీసులు, గుమాస్తాలు మాట్లాడే మాటలు రోజూ చెవిన పడే చోట ఆయన పనిచేశారు కనుకనే ఆయన పాత్రలు నోరు విప్పితే మనుషులు మాట్లాడినట్టే ఉంటుందని నేను నమ్ముతాను. ఉద్యోగం వదిలినవారు జీతంతోపాటు పోగొట్టుకునేది ఇదే, కానీ ఈ నష్టం ఏ పద్దులోనూ కనిపించదు. ఇంట్లో కూర్చుని రాసిన నా రెండో నవలలో అన్ని పాత్రలూ నాలాగే మాట్లాడాయని మొదట కనిపెట్టింది నా భార్య.

దీనికి నేను చేస్తున్న ఉపాయం వారానికొక రోజు బయట గడపడం. గురువారం ఉదయం ఆర్టీసీ బస్టాండులోనో, రిజిస్ట్రేషన్ కార్యాలయం ముందు దస్తావేజు లేఖరుల బల్లల దగ్గరో రెండు గంటలు కూర్చుంటాను. చేతిలో పుస్తకం, కలం ఉంటే జనం జాగ్రత్తపడతారు కనుక ఖాళీ చేతులతో వెళ్లాలి. విన్న మాటలను మాత్రం ఆ రాత్రే రాసుకోవాలి, ఎందుకంటే తెల్లవారేసరికి వాటిలోని యాస జారిపోయి, అవి మన మాటలైపోతాయి.